ముందు ప్రింటర్ సంగతి చెప్పండి

"ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే ఈమధ్య ఎదురుప్రశ్న వేస్తున్నాను. "మీ ఇంట్లో ప్రింటర్ ఏది?"

ఐ5 తీసుకోవాలా, ఐ7 తీసుకోవాలా తేల్చుకుందామని వస్తే ఈయన ప్రింటర్ గోల ఎత్తుకున్నాడేమిటని అడిగినవాళ్లు మొహం చిట్లిస్తారు. మామూలుగా అయితే వాళ్లదే రైటు. విండోస్ మిషన్ పాతబడి ఇంకో విండోస్ మిషన్ కొనేటప్పుడు చేతిలో ఉన్న డబ్బుకి ఏది వస్తే అది తెచ్చుకోవచ్చు, పెద్ద తేడా రాదు. కానీ ఇప్పుడు అడుగుతున్నవాళ్లలో చాలామంది విండోస్ వదిలేసి లైనక్స్‌కి మారదామనుకుంటున్నవాళ్లు. అక్కడ లెక్క వేరు. మిషన్ కన్నా ముందు దాని చుట్టూ ఉన్న సరంజామాని చూసుకోవాలి.

ఈ మారే ఆలోచన అందరికీ సరదా కొద్దీ వచ్చింది కాదు. 2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. పోనీ విండోస్ 11 ఎక్కించుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానిది, అంటే 2017 నుంచి వచ్చిన రకం, అయి ఉండాలంది. ఏడో తరం ప్రాసెసర్లు ఒకటీ అరా తప్ప ఆ జాబితాలో లేవు. నిన్నటిదాకా పేజీలు పెట్టుకుంటూ, పిల్లల ప్రాజెక్టులు ప్రింటు తీసుకుంటూ నడిచిన మిషన్ ఉన్నట్టుండి అనర్హుల జాబితాలో చేరింది. రేషన్ కార్డు కోసం తిరిగినవాళ్లకి ఈ బాధ వివరించక్కర్లేదు. ఇలాంటివాళ్లలో కొందరికి నేనిచ్చే సలహా అసలు కొనకండనే. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ ఎనిమిది జీబీకి పెంచి, లైనక్స్ మింట్ ఎక్కించుకుంటే ఉన్న మిషనే మరికొన్నాళ్లు లాగుతుంది. తెర పగిలినవాళ్లు, కీలు ఊడి మూత తాడుతో కట్టుకున్నవాళ్లు మాత్రం కొనక తప్పదు.

ప్రింటర్ సంగతి ఎందుకంటే, జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో కనిపించే చవక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి సొంత తెలివి తక్కువ. పేజీని చుక్కలుగా విడగొట్టే పని కంప్యూటరే చేసి, ఆ కంపెనీ సొంత పద్ధతిలో పంపించాలి. ఆ పద్ధతి తెలిసిన డ్రైవర్ విండోస్‌కి తప్పకుండా ఉంటుంది. లైనక్స్‌కి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లలో ఐపీపీ ఎవ్రీవేర్ గానీ ఎయిర్‌ప్రింట్ గానీ ఉంటే ఈ తంటా లేదు. మీ ప్రింటర్‌కి ఐఫోన్ నుంచి, కంపెనీ యాప్ ఏదీ వేయకుండా, నేరుగా ప్రింట్ వెళ్తుందా? అయితే లైనక్స్ నుంచీ దాదాపుగా వెళ్తుంది. టెండర్లు వేసేవాళ్లు డిజిటల్ సంతకం టోకెన్ గురించి కూడా ఇలాగే ముందే కనుక్కోవాలి. ఇక మీకు కూడు పెట్టేది ట్యాలీ అయితే ఈ కాలమ్ ఇక్కడితో మడిచేసి, విండోస్ 11 మిషన్ ఒకటి కొనుక్కోండి. సిద్ధాంతం కోసం పస్తులుండక్కర్లేదు.

తెలుగు పని చేసేవాళ్లకి అసలు చిక్కు పాత ఫైళ్లతో. నేనొక చిన్న సాహిత్య పత్రికకి పేజీలు పెడతాను. ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని తయారుచేసిన అడోబీయే వదిలేసింది, మన డీటీపీ సెంటర్లు వదల్లేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్లలో మన తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చున్నాయి. ఆ ఫాంటు ఉన్న మిషన్‌లో అది చక్కటి తెలుగు కథ. ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే అదే ఫైలు పిచ్చిగీతల ఇంగ్లీషు. యూనికోడ్‌కి మార్చే సాధనాలున్నాయి గానీ, మార్చాక ప్రూఫు చూడకపోతే ఏదో ఒకచోట ఒత్తు ఒక అక్షరం పక్కకి జరిగి కూర్చుంటుంది.

కాబట్టి మారేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది, ఈ పాత సరుకుతో ఏం చేస్తారన్నది. కొన్న మిషన్‌లో లైనక్స్ లోపలే వర్చువల్ మిషన్‌గా విండోస్ నడిపి పేజ్‌మేకర్ తెరుస్తారా? అయితే పదహారు జీబీ ర్యామ్ కావాలి, ఎనిమిదితో ఆయాసపడుతుంది. పాత మిషన్‌ని అలాగే పక్కన ఉంచుకుంటారా? అయితే కొత్తదానికి ఎనిమిది చాలు. చూశారా, ర్యామ్ ఎంతన్నది షోరూం కుర్రాడు చెప్పాల్సింది కాదు, మీ బీరువాలో ఉన్న పాత సంచికలు చెప్పాల్సింది.

కొత్తగా చేసే పనికి మాత్రం బెంగ లేదు. లిబ్రెఆఫీస్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు అక్షరాలని పేర్చేది హార్ఫ్‌బజ్ అనే ఒకే యంత్రాంగం. ఫోన్‌లో తెలుగు సరిగ్గా కనిపిస్తే లైనక్స్‌లోనూ కనిపిస్తుంది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితం. దేశికాచార్యులు గారి పోతన ఉండనే ఉంది. పేజీలు పెట్టడానికి స్క్రైబస్ ఉంది. 2024 మొదట్లో వచ్చిన 1.6లో తెలుగు బాగానే నిలబడుతోంది. పేజ్‌మేకర్‌లో వేళ్లకి అలవాటైన షార్ట్‌కట్లు పోయాయన్న విసుగు కొన్నాళ్లు తప్పదు.

ఇప్పుడు మిషన్ దగ్గరికి వద్దాం. దానిలో అందరూ చివర చూసేది, నేను మొదట చూసేది కీబోర్డు.

నేను టైపు చేసేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో. అందులో అచ్చుల గుర్తులు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. పొల్లు ఇంగ్లీషు డీ మీద, ఎడమ నడిమివేలి కింద. కుడి చిటికెన వేలికి పడే చాకిరీ చూడండి. పీ మీద జ, దాని పక్కన స్క్వేర్ బ్రాకెట్ మీద డ, సెమీకోలన్ మీద చ, దాని పక్కన కొటేషన్ మీద ట, కింద స్లాష్ మీద య. షిఫ్ట్ నొక్కితే వీటిలో మొదటి నాలుగూ వరసగా ఝ, ఢ, ఛ, ఠ. ఇంగ్లీషు టైపు చేసేవాడికి బ్రాకెట్లు, సెమీకోలన్లు ఎప్పుడో ఒకసారి తగిలేవి. అందుకే పదకొండు అంగుళాల చిన్న ల్యాప్‌టాప్‌లలో చోటు కలిసిరాకపోతే కంపెనీలు ముందుగా నొక్కేసేది ఈ కుడివైపు మీటలనే. సగం వెడల్పుకి కుదించేస్తారు. ఇంగ్లీషువాడు గమనించనే గమనించడు. మనం "చెట్టు" అన్న రెండక్షరాల మాట కొట్టేలోపు మూడుసార్లు అక్కడికే వెళ్లాలి. "డబ్బాడు జంతికలు పట్టుకొచ్చాడు" అని రాస్తే చిటికెన వేలు వాచిపోతుంది.

పెద్ద ల్యాప్‌టాప్‌లకి ఇంకో తెగులు. కుడివైపు అంకెల మీటలు కూడా పెట్టి, అక్షరాల మీటలన్నిటినీ ఎడమకి జరిపేస్తారు. తెరకి ఎదురుగా కూర్చుంటే చేతులు పక్కకి పోతాయి, చేతులకి ఎదురుగా కూర్చుంటే తెర పక్కకి పోతుంది. బ్యాంకువాళ్లకి అంకెలు కావాలి, నాకెందుకు? పద్నాలుగు అంగుళాల ఆఫీసు రకం ల్యాప్‌టాప్‌లలో ఈ రెండు బాధలూ ఉండవు. యాపిల్ కీబోర్డు పద్ధతికి అలవాటుపడ్డ మన పత్రికలవాళ్లకీ ఇబ్బంది లేదు. లైనక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా అదీ పెట్టుకోవచ్చు.

లోపలి సామాన్ల విషయంలో నా మాట ఒక్కటే, సరికొత్తది కొనకండి. విండోస్‌కి డ్రైవర్లు పరికరం తయారుచేసినవాళ్లే రాసి పెట్టెలో పెట్టి ఇస్తారు. లైనక్స్‌లో అవి దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి చేరాలి. ఆ కెర్నెల్ మనం ఎక్కించుకునే ఉబుంటులోకో, మింట్‌లోకో రావాలి. ఉబుంటు 24.04 వచ్చింది 2024 ఏప్రిల్‌లో, 6.8 కెర్నెల్‌తో. ఆ తర్వాత పుట్టిన వైఫై చిప్‌ని అది గుర్తుపట్టాలంటే కొత్త కెర్నెల్ వచ్చేదాకా ఆగాల్సిందే. నెట్ ఉంటే గానీ ఆ కెర్నెల్ దిగదు, ఆ కెర్నెల్ దిగితే గానీ నెట్ రాదు! రెండు మూడేళ్ల కిందటి మోడల్‌కి ఈ గొడవలన్నీ ఎవరో ఒకరు పడి, తీర్చి పెట్టి ఉంటారు. వైఫై ఇంటెల్‌ది అయితే నిశ్చింత.

గ్రాఫిక్స్ కార్డు గురించి ఎక్కువ చెప్పను. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో మాట్లాడుతూ లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్‌విడియా పేరెత్తి, కెమెరా వైపు నడిమివేలు చూపించి తిట్టాడు. 2022 నుంచి ఆ కంపెనీ కూడా తన కెర్నెల్ డ్రైవర్ల కోడ్ బయటపెడుతోంది, పరిస్థితి అప్పటికన్నా మెరుగు. అయినా పేజీలు పెట్టుకునేవాడికి ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్‌తో పాటు వచ్చే గ్రాఫిక్సే ఎక్కువ. "డాస్" అని చీటీ అంటించిన ల్యాప్‌టాప్ లైనక్స్ కోసమే చేశారనుకునేవాళ్లున్నారు. విండోస్ లైసెన్సు డబ్బు తీసుకోలేదని తప్ప దానికి ఇంకో అర్థం లేదు. ఉబుంటుతోనే అమ్ముతున్నది, లేదా ఉబుంటు తయారీదారులు పరీక్షించి ప్రకటించే మోడళ్ల జాబితాలో ఉన్నది అయితే నమ్మొచ్చు. మ్యాక్‌కి మారేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. అక్కడ ఒకటే జాగ్రత్త. 2020లో ఎం1 వచ్చినప్పటి నుంచి ర్యామ్ ప్రాసెసర్‌తో కలిసిపోయి వస్తోంది, కొన్నాక పెంచడం కుదరదు. కొన్ననాడే కావలసినంత తీసుకోవాలి.

నేను కొన్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ షాపులో. జేబులో మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టుకు వెళ్లాను. లైనక్స్‌తో ఉన్న పెద్ద సుఖం ఇదే. కొనకముందే, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం సిస్టమ్ నడిపి చూసుకోవచ్చు.

"పెన్‌డ్రైవ్ పెట్టి చూడొచ్చా తమ్ముడూ?" అన్నాను.

"ఎందుకు సార్, విండోస్ మేమే ఏసిస్తం. ఫ్రీ."

"నాకు లైనక్స్ కావాలయ్యా."

"లైనక్సా? బీటెక్ పోరలు అడుగుతరు. మీకెందుకు సార్ గది?"

నవ్వుకుని, మిషన్ ఆన్ చేసి ఎఫ్12 నొక్కాను. ముందు చూసుకున్నది బయాస్‌కి పాస్‌వర్డ్ ఉందా అని. కంపెనీల నుంచి తెచ్చిన సరుకులో అది ఉండిపోతే మనకి తాళంచెవి లేని ఇల్లు అంటగట్టినట్టే. లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి వైఫై కలిసింది. పాట వినిపించింది. వెలుతురు తగ్గించే మీట పనిచేసింది. మూత మూసి, నిమిషం ఆగి తెరిస్తే ఎక్కడ వదిలానో అక్కడే లేచింది. చాలా ల్యాప్‌టాప్‌లు తప్పేది ఈ పరీక్షలోనే. వేలిముద్ర చదివేది పనిచెయ్యలేదు, దానికోసం నేను వెళ్లలేదు. తర్వాత పవర్ స్టాటిస్టిక్స్ తెరిచాను. బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో రెండు అంకెలూ పక్కపక్కనే చూపిస్తుంది. యాభై వాట్ అవర్లు ఉండాల్సింది ముప్పై చిల్లర ఉంది. ఆ అంకె చూపించి ధర కాస్త తగ్గించమన్నాను. కుర్రాడు అంకె వంకా నా వంకా చూసి, లోపలికి వెళ్లి ఓనర్‌ని అడిగొచ్చి తగ్గించాడు.

ఆఖరికి తెలుగు కీబోర్డు పెట్టుకుని చట్టం, జట్టు, డబ్బు, చాటింపు అని వరసగా కొట్టాను. అప్పుడు గమనించాను. ఆ ల్యాప్‌టాప్ మీద ఏ, ఈ, ఎస్ మీటలు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. స్పేస్ బార్ మీద బొటనవేలి గుంట పడింది. చ, ట, డ ఉన్న మీటలు మాత్రం నిన్న పెట్టెలోంచి తీసినట్టున్నాయి. పాత యజమాని ఏ ఆఫీసులోనో ఇంగ్లీషు ఈమెయిళ్లు రాసుకుంటూ గడిపాడు కాబోలు, నాకు కావలసిన మీటల జోలికే పోలేదు.

డబ్బు కట్టి లేస్తుంటే కుర్రాడు ఆ పెన్‌డ్రైవ్ ఒక కాపీ ఇమ్మన్నాడు. బ్యాటరీ చూసుకోవడానికి పనికొస్తుందట, వేరే షాపుల నుంచి మాల్ తెచ్చేటప్పుడు. అక్కడే కాపీ చేసిచ్చాను.

పాత డెస్క్‌టాప్ ఇంకా నా గదిలోనే ఉంది. దానికి నెట్ కేబుల్ పీకేశాను, పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికి తప్ప ఆన్ చెయ్యను. ఈమధ్యవి మారుస్తూ ప్రూఫులు చూస్తున్నాను, పాత సంచికలు ఇంకా వరసలో ఉన్నాయి. అవి అయ్యాక దానికీ మింట్ ఎక్కించి మేనకోడలి పిల్లలకి ఇస్తానన్నాను. వాళ్లు మాత్రం దాంట్లో ఏ ఆటలు నడుస్తాయో ముందు చెప్పమంటున్నారు.