పూటకాపు, ఓడదొంగ, న్యాయపీఠం: ‘సిన్‌బాద్’ యానిమేషన్ చిత్రంపై ఒక పరిశీలన

రామోజీ ఫిల్మ్ సిటీ మా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే ఉన్నది. ఇక్కడి సంఘాలలోని యౌవనస్థులకు సినిమా దూరపు సంగతి కాదు. దానిని ప్రసంగంలో దృష్టాంతంగా వాడుటయు మాకు కొత్త కాదు. అలా వాడుకొనుటకు ఎంతో అనువుగా కనబడేది 2003 జూలైలో డ్రీమ్‌వర్క్స్ సంస్థ విడుదల చేసిన ‘సిన్‌బాద్: లెజెండ్ ఆఫ్ ద సెవెన్ సీస్’. (మోషే చరిత్రను 1998లో ‘ద ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’గా తీసినది కూడ ఈ సంస్థయే.) ఆ అనువులోనే చిక్కున్నదని మేము తలంచుచున్నాము.

కథ క్లుప్తంగా ఇది. సిన్‌బాద్ ఓడదొంగ. పన్నెండు పట్టణాలను కాపాడే ‘శాంతి గ్రంథం’ సురకూసైలో మాయమవుతుంది. (పౌలు మూడు దినాలు ఆగిన పట్టణమే, అపొ. 28:12.) అతని వేషంలో దానిని దొంగిలించినది ఎరిస్ అనే కలహదేవత. అయితే అక్కడ దొరికిన చాకు సిన్‌బాద్‌ది. అంతకుముందు సముద్రం మీద ఆ గ్రంథాన్ని కాజేయ చూచినవాడూ అతడే. పట్టణాల ప్రతినిధులు మరణశిక్ష వేస్తారు. బాల్యమిత్రుడైన రాజకుమారుడు ప్రొటియస్ అతనికి పూటపడి చెరలో ఉంటాడు. పది దినాలలో సిన్‌బాద్ గ్రంథం తేకపోతే పోయేది ప్రొటియస్ తల.

హెబ్రీ 7:22లోని ‘పూటకాపు’ అనే మాటను బోధించుటకు ఇంతకంటె సులువైన దృశ్యం దొరకదు. ఇంకొక సంగతి కూడ చెప్పవచ్చును. సువార్తలలో విడుదలైన బరబ్బ మరల కనబడడు. ఇక్కడ ఫిజీకి పారిపోదామనుకొన్న దొంగ వట్టి చేతులతో తిరిగివచ్చి, మిత్రుని స్థానంలో తానే తల వంచుతాడు. చిత్రంలో మాకు నచ్చిన భాగం ఇదే.

అయితే ఈ కథ మూలం పాతది: డేమన్, పిథియాస్ అనే స్నేహితుల కథ. స్థలం అదే సురకూసై. అందులో శిక్ష వేసినవాడు డియోనిసియస్ అనే నిరంకుశుడు; తిరిగివచ్చిన స్నేహితుణ్ణి చూచి మనసు మారినది ఆ పాలకునికే. చిత్రం ఆ నిరంకుశుణ్ణి తీసివేసి ఎరిస్‌ను పెట్టింది. దుష్టత్వం సింహాసనం దిగి పాతాళానికి వెళ్లిపోయింది. న్యాయమూర్తులు మోసపోయిన మంచివారుగా మిగిలారు. నిర్దోషియని తెలిసి కూడ పూటకాపు తల నరకడానికి సిద్ధపడిన చట్టాన్ని చిత్రం ప్రశ్నించదు. తనకును చక్రవర్తికిని భేదం ఓడల సంఖ్యలోనే ఉన్నదని అలెగ్జాండరుకు ఒక ఓడదొంగ బదులు చెప్పిన సంగతి అగస్టీను ‘దేవుని పట్టణం’ 4వ గ్రంథంలో ఉన్నది. ఈ ఓడదొంగ నోట అటువంటి మాట రాదు.

మరొక తొలగింపు: అరేబియా కథలలోని బాగ్దాదు వర్తకుడు ఇక్కడ గ్రీకు లోకపు మనిషయ్యాడు. ఆ ఏడాది మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైనా, చిత్రం పని అంతకుముందే నడుస్తున్నది గనుక ఆ నింద వేయలేము. 1968లో ఎన్.టి. రామారావును ‘బాగ్దాద్ గజదొంగ’ చేయుటకు మనవారికి ఊరి పేరు అడ్డురాలేదు!

పేరును బట్టి దొంగ అనుట మన సంఘచరిత్రకు పరాయిది కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కించింది. 1910ల దశకంలో బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకలవారి సెటిల్‌మెంటును ప్రభుత్వం తరఫున నడిపినది సాల్వేషన్ ఆర్మీ. బడి పెట్టారు, వ్యవసాయం చేయించారు, సువార్త చెప్పారు. హాజరు కూడ వేశారు. అనుమతి లేనిదే ఊరు దాటనివ్వలేదు. చట్టం 1952లో రద్దయింది. అయినా 1991లోను, 2023లోను వచ్చిన తెలుగు సినిమాలకు ఆ ఊరు దొంగల ఊరే. ఆ మిషనెరీలు పూటకాపులా, చెరసాల నాయకులా? రెండును అయ్యారని మా అభిప్రాయం. దొంగ మారాలని ప్రార్థించినవారే, అతణ్ణి దొంగ అని వ్రాసిన చట్టం కింద పని చేయుటకు ఒప్పుకొన్నారు.

కనుక ఈ చిత్రాన్ని యౌవనస్థులకు చూపించవచ్చును. అయితే శిరచ్ఛేద దృశ్యం దగ్గర ఆపి ప్రాయశ్చిత్తం గూర్చి మాట్లాడి ముగించక, తీర్పు దృశ్యానికి వెనుకకు వెళ్లి యోహాను 19:13తో కలిపి చదివించాలి. యేసును అప్పగించిన పిలాతు ఏ పీఠం మీద కూర్చున్నాడో, ఆ స్థలాన్ని హెబ్రీ భాషలో ఏమంటారో సువార్తికుడు మరువక వ్రాశాడు.