ఎవరి రక్తం నార్మల్?

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో (2022 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా) మిరపకోతల నాడు మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో ఆడవాళ్లతో మాట్లాడితే 'పాయింట్ల' లెక్క వస్తుంది. ఒకామెకు తొమ్మిదంట, ఇంకొకామె కోడలికి పదిన్నరంట. పాయింటంటే డెసీలీటరు రక్తంలో ఒక గ్రాము హిమోగ్లోబిన్. గర్భిణి కాని స్త్రీకి 12 కన్నా తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో గీత గీసింది. 2024లో సవరణలు చేసినప్పుడు కూడా ఆ 12ను కదపలేదు. ఆ గీత ప్రకారం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం రక్తహీనులు. సగం మందికి పైగా గీత కిందున్నారంటే తిండి సంగతి, కూలి సంగతి తేల్చాలి. అది వదిలేసి గీతే తప్పేమో చూద్దామనే వాదన మన దేశంలో బలపడుతున్నది. మా విమర్శ ఆ వాదన మీద.

గీత ఎట్లా పుడుతుంది? ఆరోగ్యవంతులనుకున్నవాళ్ల రక్తం కొలుస్తారు. అంకెలు సగటు దగ్గర గుమిగూడి రెండు పక్కలా పలచబడతాయి. గంట బోర్లించినట్టుండే ఈ వంపే నార్మల్ డిస్ట్రిబ్యూషన్. అందులో అడుగున 5 శాతాన్ని కోసి, అంటే సగటు నుంచి 1.645 ప్రామాణిక విచలనాలు కిందికి దిగి, అక్కడ గీత పెడతారు. 5 ఎందుకు? శరీరం చెప్పింది కాదు, అలవాటు చెప్పింది. ('నార్మల్' పేరును ప్రచారంలోకి తెచ్చిన కార్ల్ పియర్సన్, దానివల్ల మిగతా వంపులన్నీ అసహజమనే భ్రమ కలుగుతుందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. యూజెనిక్స్‌ను మాత్రం వదల్లేదు.)

అసలు తిరకాసు 'ఎవరి సగటు' అన్నచోట ఉంది. ఆరోగ్యవంతుల సగటు 13.5, విచలనం 0.9 అనుకుందాం. గీత 12 దగ్గర పడుతుంది. తరాలుగా అరకడుపుతో బతికిన వాడల్లో అందరినీ కలిపి కొలిస్తే సగటు 11.5, విచలనం 1.2 వచ్చిందనుకుందాం. గీత తొమ్మిదిన్నరకు జారుతుంది. పది పాయింట్లతో ఎండలో కాయ కోసే మనిషి ఒక్క గుడ్డు అదనంగా తినకుండానే ఆరోగ్యవంతురాలైపోతుంది!

2021లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో రాసిన హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్ బృందం ఇంత మొరటుపని చేయలేదు. జాతీయ పోషకాహార సర్వే పిల్లల్లో ఇనుము, ఫోలేట్, బి12 లోపాలున్నవాళ్లను తీసేసి, మిగిలిన 1-19 ఏళ్లవాళ్ల నుంచి గీత గీశారు. అది పాతదానికన్నా కిందికొచ్చింది. అదే పిల్లల్లో రక్తహీనత 30 శాతం కాస్తా 10.8 అయింది. 1968 గీతకు ఆధారం ఎక్కువగా తెల్లవాళ్ల రక్తమేనన్న ఆక్షేపణలో నిజముంది, కాదనం. కానీ ఒకనాడు తీసిన రక్తంలో లోపం కనబడకపోవడం వేరు, తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి ఎదగాల్సినంత ఎదగడం వేరు. తెల్లవాళ్ల సగటు తీసేసి ఆ చోట మన ఆకలి సగటు పెడితే అది స్వదేశీ విజ్ఞానం అయిపోదు.

స్వీడన్‌లో గార్బీ బృందం 1969లో వేరే దారి పట్టింది. ఆడవాళ్లకు ఇనుము మాత్రలిచ్చి ఎవరి హిమోగ్లోబిన్ పెరిగిందో చూశారు. పెరిగితే లోపం ఉన్నట్టే కదా. లోపమున్నవాళ్ల వంపు, లేనివాళ్ల వంపు ఒకదానిమీదికి ఒకటి ఎక్కి కనబడ్డాయి. గీత ఎక్కడ పెట్టినా కొందరు రోగులు తప్పిపోతారు, కొందరు మంచివాళ్లు రోగులౌతారు. 14 ఉండాల్సినామె 12.3కి పడిపోయినా 'బాగానే ఉంది, పో' అంటారు.

కాబట్టి పరీక్షలు పెట్టేచోట మనవాళ్లు అడగాల్సింది ఊరి సగటు కాదు. పోయిన కోతలప్పుడు తనకెంత, మూణ్ణెల్లు మాత్రలు మింగాక ఎంత అని రాసిన కాగితం ఆమె చేతికివ్వాలి. పెరగకపోతే బి12, నులిపురుగులు, తలసీమియా సంగతి చూడాలి, మళ్లీ అవే మాత్రలిచ్చి పంపకూడదు.