కొత్త బ్యాటరీ కొనమనని మెకానిక్కు

బ్యాటరీలకు పేరుపడ్డ అమరరాజా కర్మాగారం తిరుపతి పక్కనే, కరకంబాడిలో ఉంది. అయినా బండి మొరాయించగానే కొత్త బ్యాటరీ కొనమనడు తిరుపతిలోని మంచి ఆటో ఎలక్ట్రీషియన్. ముందు మల్టీమీటరు తీస్తాడు.

ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండుగా ఛార్జయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుంటే 14 దగ్గరికి చేరాలి. చేరలేదంటే ఆల్టర్నేటరునో, దాని బెల్టునో అనుమానించాలి. రెండూ బాగుండి కూడా సెల్ఫ్ టక్కుమని ఆగిపోతే, అతని చేయి టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి మీదికి, వదులైన ఎర్త్ తీగ మీదికి వెళ్తుంది. పొడి గీకి, నట్టు బిగించగానే చాలాసార్లు బండి స్టార్టవుతుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయడు. వేస్తే తీగే కాలుతుంది. ఎక్కడో ఒరుసుకుని తొడుగు చిరిగిన తీగను ఓపిగ్గా వెతికి పట్టుకుంటాడు. మెచ్చుకోవాల్సింది ఆ ఓపికనే.

తిరుమల నుంచి దిగే బండ్లు 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదే వస్తాయి. ఆ మలుపుల్లో వెనక బండిని హెచ్చరించేది బ్రేకు లైటే. కొండెక్కే ముందే లైట్లు, ఛార్జింగు ఇలాంటి మనిషికి చూపించండి. అతని కూలి దగ్గర బేరమాడకండి.