గుమ్మమునకు అడ్డముగా ఒక పట్టీ

విమాన ప్రమాదమనగానే ఆకాశమే మనస్సునకు తట్టును. కాని నేలపై కదలక నిలిచిన విమానమునుండి గూడ మనుష్యులు పడుచున్నారు. 2018 అక్టోబరులో ముంబైలో బోయింగ్ 777 విమానపు తలుపు మూయుచు పరిచారిక యొకరు క్రిందపడిరి. ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల ‘అజాగ్రత్త’ అను ఒక్క మాటతో విషయమును ముగించుట పరిపాటి. అది న్యాయము కాదు; శాస్త్రదృష్టియు కాదు.

ఎయిర్‌బస్ ఎ320 గడప నేలకు సుమారు 3.4 మీటర్ల ఎత్తున ఉండును. అచ్చటినుండి జారినవారు 0.8 సెకనులో నేలను తాకుదురు. అప్పటి వేగము గంటకు 29 కిలోమీటర్లు. హైస్కూలు విద్యార్థియే ఈ లెక్క వేయగలడు.

మెట్లు లేకుండ తలుపు తెరచియున్నప్పుడు గుమ్మమునకు అడ్డముగా రంగు పట్టీ నొకదానిని తగిలింతురు. ఇది సాధారణముగా కంటికి హెచ్చరిక మాత్రమే. మనిషిని ఆపుటకు ఉద్దేశించినది కాదు. 60 కిలోగ్రాముల మనిషి సామానులాగుచు, సెకనుకు 1.5 మీటరు వేగముతో వెనుకకు నడచి దానిని తగిలెననుకొందము. 10 సెంటీమీటర్లలో అతనిని ఆపవలెనన్న సగటున 675 న్యూటన్ల బలము కావలెను. ఇది అతని బరువుకంటె ఎక్కువ.

పట్టీ తెగకపోయినను చిక్కు తీరదు. నిలుచున్న మనిషి గరిమనాభి అతని ఎత్తులో సగముకంటె కొంచెము పైన ఉండును. 165 సెంటీమీటర్ల మనిషికి సుమారు 90 సెంటీమీటర్లు. అడ్డు అంతకు దిగువనున్నచో అదియే ఆనికయై మనిషిని తలక్రిందులుగా బయటికి త్రిప్పును. డాబాపై మోకాలెత్తు పిట్టగోడ ఎంత రక్షణ ఇచ్చునో ఇదియు అంతే. కర్మాగారములలో అంచులయొద్ద కమ్మీలను సుమారు 1.1 మీటరు ఎత్తున కట్టుట ఇందుకే. వదులుగా వ్రేలాడు పట్టీ ఆ ఎత్తును నిలుపలేదు.

తలుపు మూయుటయు తేలిక కాదు. అది బయటికి తెరచుకొని విమానపు ప్రక్కకు చేరును. దానిని లాగుటకు బయటికి వంగగా గరిమనాభినుండి దిగు లంబరేఖ పాదములను దాటిపోవచ్చును. చట్రమునకు పిడి అమర్చినది ఈ క్షణము కొరకే. కాని ఒక చేయి పిడికి పోగా మిగిలిన ఒక్క చేతితోనే బరువైన తలుపును లాగవలెను.

కావున పట్టీని నమ్ముటకంటె పని క్రమమును బలపరచుట మేలు. మెట్లు ఉండగనే తలుపు మూయవలెను. అది మూసియుండుట చూచిన పిదపనే బండి కదలవలెను. 2023 డిసెంబరులో ఇంగ్లండులోని ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లోను, 2024 మే నెలలో జకార్తాలోను జరిగిన పతనములలో తలుపు తెరచియుండగనే మెట్లు తొలగినవి. బండి తీయువారు క్రింద, గుమ్మమున నిలుచువారు పైన. యంత్రముల మ్రోతలో ఒకరి కేక రెండవవారికి అందదు.