పక్కకి పోయిన బలం

కోతల కాలంలో కొడవలూరు చుట్టుపక్కల మాగాణికి వెళ్తే ఎక్కడో ఒకచోట దిగబడిన కోతమిషన్ కనిపిస్తుంది. పెన్నా నీళ్లు తాగిన నేల. పైన ఆరినట్టే ఉంటుంది, కింద అంతా బురద. నేను చూసిన రోజున రెండు ట్రాక్టర్లు తెచ్చి, రెండు మోకులు కట్టారు. రెండూ పక్కపక్కన నిలబడే చోటు లేక ఒకటి బాగా ఎడమకి, ఒకటి కుడికి జరిగాయి. ఇంజన్లు అరుస్తున్నాయి, మిషన్ మాత్రం కదల్లేదు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసి, "తాడు ఇంకాస్త పొడుగు వదలండబ్బయా, అంత అడ్డంగా లాగితే బలమంతా పక్కకే పోద్ది" అన్నాడు.

ఇంటర్ లెక్కల్లో ‘సదిశల సంకలనం’ అనే పాఠం ఉంది. పిల్లలు బెదిరిపోయే ఆ వ్యవహారంలో సగం పెద్దాయన అన్న ఈ ఒక్క మాటలో ఉంది.

లెక్క కోసం ఎడమ ట్రాక్టర్ 2000 కిలోల బలంతో, మిషన్ ముందు దిక్కుకి 30 డిగ్రీల వారగా లాగుతోందనుకుందాం. కుడిది 1500 కిలోలు, 20 డిగ్రీలు. రెండూ కలిపితే 3500 అనకూడదు, దిక్కులు వేరు గదా. ఒక్కో లాగుడునీ రెండు ముక్కలు చేయాలి: ముందుకి ఎంత, పక్కకి ఎంత అని. ముందుకి పోయేది కొసైన్ వాటా, పక్కకి పోయేది సైన్ వాటా. ఎడమ ట్రాక్టర్ ముందుకి 1732, పక్కకి 1000. కుడిది ముందుకి 1410, పక్కకి 513. ఇప్పుడు కూడిక చిన్నపిల్లల పని. ముందుకి మొత్తం 3142. పక్క బలాలు ఎదురెదురు కాబట్టి తీసివేత: ఎడమకి 487 మిగిలింది. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే దాదాపు 3180 కిలోలు. దిక్కు? 487ని 3142తో భాగించి టాంజెంట్ పట్టికలో చూస్తే సుమారు 9 డిగ్రీలు, ఎడమకి.

సమాంతర చతుర్భుజం గీసి కూడా ఇదే జవాబు రాబట్టొచ్చు. కానీ మూడో ట్రాక్టర్ వస్తే మళ్లీ బొమ్మ గీయాలి, నాలుగోది వస్తే ఇంకోటి. ముక్కల పద్ధతిలో పట్టికకి ఒక వరస చేరుతుంది, అంతే. పిల్లలు తప్పేదల్లా రెండు చోట్ల. కోణం ఏ గీత నుంచి కొలిచామో ఆ గీత వెంబడి వాటాకే కొసైన్ అని మరిచిపోతారు, ఎదురు దిక్కుకి మైనస్ పెట్టరు.

ఉగాదికి గుడిలో పంచాంగ శ్రవణం జరిగేటప్పుడు మనం ఆదాయ వ్యయాల దగ్గరే చెవులు రిక్కిస్తాం. ఆ పుస్తకం వెనక సిద్ధాంతిగారు చేసిన లెక్క మన ట్రాక్టర్ల లెక్కకి అన్న వరస అని ఎవరూ చెప్పరు. సూర్యసిద్ధాంతం ప్రకారం కుజుడెక్కడున్నాడో తేల్చాలంటే ఒక పెద్ద బాణం, దాని కొసన వారగా ఒక చిన్న బాణం. పెద్దదాని పొడవు త్రిజ్య, 3438. చిన్నదాన్ని రెండు ముక్కలు చేస్తారు. పెద్ద బాణం వెంబడి పోయేది కోటిఫలం, అడ్డంగా పోయేది భుజాఫలం. కోటిఫలాన్ని సందర్భాన్ని బట్టి త్రిజ్యకి కలుపుతారు, లేదా తీసేస్తారు. దాని వర్గానికి భుజాఫల వర్గం చేర్చి మూలం తీస్తే కర్ణం. మనం 3180 తెచ్చింది సరిగ్గా ఇలాగే.

ఈ ముక్కలు కొయ్యడానికి కావలసిన జ్యల పట్టికని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే ఇచ్చాడు, మూడుముప్పావు డిగ్రీలకొకటి చొప్పున 24 విలువలు. జ్య అంటే వింటినారి. ఆ మాట అరబ్బుల దగ్గర జీబా అయింది. లాటిన్‌లోకి మార్చినవాళ్లు దాన్ని ఒడి అనే అర్థమున్న ఇంకో మాటగా చదివి సైనస్ అన్నారు. మన నారి అలా ‘సైన్’ అయి తిరిగొచ్చింది, మన పిల్లలు దాన్ని పరాయి సరుకనుకుని బట్టీ పడుతున్నారు. అలాగని మనవాళ్లకి అంతా ముందే తెలుసని చెప్పను. బలాలను ఇలా కూడింది ఐరోపావాళ్లు. సదిశలకి ఇప్పటి రూపం 1880ల నుంచి గిబ్స్, హెవిసైడ్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చారు. కొయ్యడం, కూడడం మాత్రం పాతదే.

బలాలకే కాదు, వేగాలకీ ఇదే లెక్క. ఆకాశం తేటగా ఉన్న రోజున రాకెట్ ఎగిరితే, మా మేడ మీద నిలబడినవాళ్లకి దక్షిణాన శ్రీహరికోట నుంచి లేచే పొగచార కనిపిస్తుంది. అక్కడ భూమి తన చుట్టూ తాను తిరుగుతూ రాకెట్టుకి తూర్పుగా సెకనుకి 450 మీటర్ల వేగం ఊరికే ఇస్తుంది. భూమధ్యరేఖ దగ్గర 465, దాన్ని 13.7 డిగ్రీల కొసైన్‌తో గుణించండి. ధ్రువకక్ష్యకి పోయే పీఎస్‌ఎల్‌వీ మాత్రం తిన్నగా దక్షిణానికి పోలేదు, దారిలో శ్రీలంక ఉంది. ముందు ఆగ్నేయంగా పోయి ఆ తర్వాత మళ్లుతుంది, ఆ మలుపుకి ఇంధనం అదనంగా కాలుతుంది.

పెద్దాయన మాట విని తాళ్లు పొడుగు చేశారు. కోణాలు తగ్గాయి, ముందుకి బలం పెరిగింది, మిషన్ లేచింది. ఎడమకి మిగిలిన కాస్త బలం మాత్రం తన పని తాను చేసుకుపోయింది: ఇరవై మీటర్లు పోయేలోపు ఎడమ గట్టు తెగింది. ఆ గట్టు పక్క రైతుది. ఎవరు వేయించాలనే పంచాయితీ చీకటి పడేదాకా నడిచింది.