కాలిన మోటరూ, ఖాళీ గడీ

నిరుడు యాసంగిలో ఒక పొద్దుగూకే వేళ కంగ్టి నుంచి మామ ఫోన్ చేశాడు. ఆయనకు అక్కడ బోరు మోటర్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. గూగుల్‌లో ఆ దుకాణం ప్రకటనలు నేను చూసుకుంటాను. ‘‘అరేయ్, మనం కాలిపోయిన మోటర్లు అమ్ముతున్నమారా?’’ అన్నాడు. గొంతులో బాధ ఉంది. ఒక రైతు చెరుకుకు నీళ్లందక, చేతిలో ఫోన్ పట్టుకుని దుకాణానికి వచ్చాడట. ఆ ఫోన్‌లో మా ప్రకటన ఇలా ఉంది: ‘మోటర్ కాలిపోయింది తక్కువ ధరకే’.

తప్పు పూర్తిగా నాదే. వెతుకులాట ప్రకటనల్లో డైనమిక్ కీవర్డ్ అనే పనిముట్టు ఉంది. శీర్షికలో ఒక గడి ఖాళీగా వదిలి, వంకీ బ్రాకెట్ల మధ్య ‘కీవర్డ్’ అని రాసి, పక్కన మనదొక మాట పెడతాం. ఎవరైనా వెతికినప్పుడు, మనం ముందే రాసిపెట్టిన కీవర్డ్ జాబితాలో ఆ వెతుకులాటకు తగిలిన మాట వచ్చి ఆ గడిలో కూర్చుంటుంది. మాట పొడవై 30 అక్షరాల శీర్షికలో ఇమడకపోతే మనం పెట్టిన మాటే కనిపిస్తుంది. మనిషి టైపు చేసిన అక్షరాలే యథాతథంగా అందులోకి వస్తాయని చాలామంది అనుకుంటారు. వచ్చేది మనం జాబితాలో రాసుకున్న మాటే. ‘స్టార్టర్’, ‘పైపులు’, ‘మోటర్ రిపేర్’ల సరసన ‘మోటర్ కాలిపోయింది’ అని కూడా రాసుకున్నది నేనే. గడి పక్కన ‘తక్కువ ధరకే’ అని అతికించిందీ నేనే.

ఎందుకు రాశానంటే, క్లిక్కుల కోసం. 1998లో గోటూ డాట్ కామ్ అనే వెతుకులాట సైటు ప్రకటనలకు మాటల వేలం మొదలుపెట్టినప్పుడు ఎక్కువ పాడినవాడిదే పైమెట్టు. 2002లో గూగుల్ ఆ లెక్క మార్చి, ప్రకటన చూసినవాళ్లలో ఎంతమంది నొక్కుతున్నారన్నది కూడా కలిపింది. క్లిక్కుకు పది రూపాయలు పాడినవాడిని నూటికి ఇద్దరు నొక్కితే ఇరవై. ఆరు రూపాయలు పాడినవాడిని అయిదుగురు నొక్కితే ముప్పై. ఆరు రూపాయలవాడే పైకి. చిన్న దుకాణాలకు ఇది నిజంగా ఊపిరి. ఇప్పుడు ఆ లెక్కలో ఇంకా చాలా చేరాయి: ప్రకటన వెతికినదానికి తగినట్టుందా, నొక్కితే తెరుచుకునే పేజీ పనికొచ్చేదేనా అని. అయినా మూలం అదే. తాను అడిగిన మాట శీర్షికలో కనిపిస్తే చెయ్యి అటే పోతుంది. అంగడిలో బేరగాడు ‘కందులా? ఇటు రా అక్కా’ అని మన నోటి మాట తీసుకునే పిలుస్తాడు కదా.

ఇంగ్లీషులో ఈ గడి బాగా పనిచేస్తుంది. ‘కు’, ‘లో’ అనే అర్థమిచ్చే మాటలు అక్కడ విడిగా, నామవాచకానికి ముందు నిలబడతాయి. తెలుగులో విభక్తి మాట ఒంట్లోకి దిగిపోతుంది. పొలం పొలానికి అవుతుంది, ఇల్లు ఇంటికి, పైపులు పైపులకు. యంత్రానికి ఈ మార్పు రాదు. ‘పైపులు’ తెచ్చి, నేను రాసిన ‘కు’ ముందు పెట్టి ఊరుకుంటుంది. 2018లో గూగుల్ తన ప్రకటనల వ్యవస్థలోకి తెలుగును చేర్చినప్పుడు నేను చాలా సంతోషించాను. గడి మాత్రం ఇంగ్లీషు కొలతలతో కుట్టిందే. అందుకని ఇప్పుడు మాట ఒంటరిగా నిలబడగల చోటే గడి పెడుతున్నాను. ‘స్టార్టర్ కావాలా?’, ‘పైపులు కావాలా?’, ‘మోటర్ రిపేర్ కావాలా?’ అన్నీ చక్కగా అతుకుతాయి.

అయితే కష్టంలో ఉన్న మనిషి నామవాచకం వెతకడు. తన కష్టాన్నే వాక్యంగా రాస్తాడు. మోటర్ కాలిపోయింది. బోరు నీళ్లు వస్తలేవు. ఇలాంటివాటికి గడి వద్దు. ఒక్కోదానికి విడిగా, చేత్తో, జవాబు రాయాలి: ‘మోటర్ కాలిందా? బాగుచేస్తాం’. దీనికి మామ అడ్డం చెప్పలేదు. నేనే బద్ధకించాను. పైగా మా ప్రాంతంలో వెతికేవాళ్లు తక్కువ. మాటల్ని మరీ సన్నగా చీలిస్తే ‘వెతుకులాటలు తక్కువ’ అని గూగుల్ ఆ మాటల్ని పక్కన పెడుతుంది. అందుకే ఒకే కష్టాన్ని చెప్పే వాక్యాలన్నిటినీ ఒక గుంపుగా చేర్చాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాళ్లకు ఇంకో గుంపు.

క్లిక్కుల శాతం పెరిగితే చాలని అనుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ప్రతి క్లిక్కుకూ డబ్బు మామ జేబులోంచే పోతుంది. వైండింగ్ నేర్చుకోవాలని వెతికే కుర్రవాడు నొక్కినా పోతుంది, ఉద్యోగం వెతికేవాడు నొక్కినా పోతుంది. ‘ఉద్యోగాలు’, ‘నేర్చుకోవడం’ వంటి మాటల్ని వద్దనే జాబితాలో పెట్టాక శాతం పెరిగిందా తగ్గిందా అని చూడడం మానేశాను. ఫోన్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని మోటర్లు దుకాణం మెట్టెక్కాయి అని మామను అడుగుతున్నాను.

ఆయన ఒక నోటుబుక్కు పెట్టాడు. ఫోన్ చేసినవాళ్ల మొదటి మాట ఏదైతే అది, వాళ్లన్నట్టే రాస్తాడు. ప్రకటనలకు ఇంతకంటే మంచి కీవర్డ్ జాబితా నేనెక్కడా చూడలేదు. మాది కర్ణాటక పొలిమేర పక్క మండలం, మహారాష్ట్ర కూడా ఎంతో దూరం లేదు. 1956 దాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. దుకాణంలో నాలుగు భాషలు మామూలే. నిన్న మామ పంపిన పేజీ ఫొటోలో ఒకే మాట నాలుగు తీర్లుగా ఉంది: ‘మోటర్ కాలిపోయింది’, ‘సుట్టోగ్యాద’, ‘జళాలీ’, ‘జల్ గయా’. నాలుగింటికీ కలిపి పక్కన పెన్సిల్‌తో ఒక గీత గీసి రాశాడు: ‘అందరు అడిగేది ఎప్పుడిస్తవు అనే. ఇయ్యాల దెస్తే రేపు మాపటికి తయారు అని చెప్పు.’

ప్రకటన రెండో శీర్షికలో అదే పెట్టాను, గడి లేకుండా: ‘ఇవాళ తెస్తే రేపు సాయంత్రానికి’.