గద్య నుంచి మెటాడేటా దాకా

గురజాడ అప్పారావు 1862లో పుట్టిన ఎస్. రాయవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆయన ‘కన్యాశుల్కం’ మొదట 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పును ఆయన ఎంతగా తిరగరాశారంటే, దాన్ని దాదాపు కొత్త నాటకమనే అనాలి. ఈరోజు అనకాపల్లి కుర్రాడెవరైనా ఫోనులో ఆ పేరు కొట్టి ఒక పీడీఎఫ్ దించుకుంటే, చేతికొచ్చింది ఏ కూర్పో అతనికి తెలియాలి. తెలియజేసే పని విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో కూర్చునే డిజిటల్ ఆర్కైవిస్టులది.

పుస్తకాన్ని యంత్రం కింద పెట్టి మీట నొక్కడమే ఈ ఉద్యోగమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మీట నొక్కడానికీ నేర్పు కావాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కలప గుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఎక్కువ. విశాఖ తీరపు ఉక్క దానికి తోడైతే పుట అంచులు చిటికెకు విరిగిపోతాయి. అలాంటి పుస్తకాన్ని బల్లపరుపుగా తెరిస్తే వెన్ను పగులుతుంది. అందుకే ‘వి’ ఆకారపు పీఠం మీద సగమే తెరిచి, పైనున్న కెమెరాలతో తీస్తారు. అంగుళానికి 300 నుంచి 600 చుక్కల స్పష్టతతో తీసిన టిఫ్ బొమ్మలు మూలప్రతిగా ఉండిపోతాయి; పాఠకుడికి తేలికైన పీడీఎఫ్ ఇస్తారు. పుట అంచులు కత్తిరించకూడదు. ఖాళీ పుటలు, గ్రంథాలయ ముద్రలు, వెనక అట్ట మీది ప్రకటనలు అన్నీ తీయాలి. ఆ ప్రకటనల్లో కనిపించే పుస్తకాల్లో కొన్నింటికి ఆ ఒక్క పంక్తే మిగిలిన ఆనవాలు కావచ్చు.

అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి ముఖపత్రం మీద ఇంగ్లీషు సంవత్సరం ఉండదు, ‘ప్రభవ’ అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే ఆ పేరుకు 1867 ఉంది, 1927 ఉంది, 1987 కూడా ఉంది. అప్పుడు వెల చూడాలి. ‘ఆరు అణాలు’ అని ఉంటే 1987 తప్పుకుంటుంది, ఎందుకంటే 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి. మిగిలిన రెండింట్లో ఏదో ముద్రణాలయం పేరు చెప్పవచ్చు. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో పుట్టి 1914లో మద్రాసుకు వచ్చింది. ఆ పత్రిక అచ్చుకూటంలో, చెన్నపురిలో అచ్చయిందని ఉంటే ఆ ప్రభవ 1927. అప్పటికీ తొందరపడి 1927 అని రాసెయ్యకూడదు. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది గనుక 1928 మొదటి నెలలూ ప్రభవలోనివే. జాగ్రత్తపరుడు ‘1927-28’ అని నమోదు చేస్తాడు. ఈ చిన్న గీత విలువ, ఏ రచన ముందు ఏది వెనక అని తేల్చుకోవలసిన పరిశోధకుడికి బాగా తెలుసు.

ఇలా నమోదు చేసిన వివరాలనే ఇవాళ మెటాడేటా అంటున్నాం. పేరు కొత్తదే అయినా పని మనకు పాతది. మన కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది. కవి ఎవరు, తండ్రి ఎవరు, గ్రంథం పేరేమిటి, ఇది ఎన్నో ఆశ్వాసం అన్నీ అందులోనే. తాటాకుల కట్ట తెగి ఆకులు చెల్లాచెదరైనా గద్య దొరికితే అది ఏ గ్రంథమో పోల్చుకోవచ్చు. ఆ పైన లేఖకుడు తన పేరు, రాత ముగించిన తిథి, వారం చేర్చేవాడు. సి.పి. బ్రౌన్ పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పాఠభేదాలు రాయించాడు. కన్యాశుల్కం రెండు కూర్పులనూ విడివిడిగా నమోదు చేసే ఆర్కైవిస్టు ఆ పండితుల వారసుడేనని నేను గట్టిగా నమ్ముతాను.

వివరం తప్పితే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాజ్ రెడ్డి చొరవతో నడిచిన మహాయత్నమది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. వేల తెలుగు పుస్తకాలు బొమ్మలయ్యాయి. కానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా కొట్టడంతో, లోపల ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరికేది కాదు. తెలుగు వికీపీడియా ఔత్సాహికులు కూర్చుని జాబితాలను తెలుగులోకి తెచ్చి ఎంతో మేలు చేశారు. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. ముందే కాపీ తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినవాళ్ల పుణ్యాన చాలా పుస్తకాలు బతికాయి. ప్రతి ఫైలుకూ వేరు వేరు చోట్ల మూడు కాపీలుండాలనీ, ఒక్క అక్షరం చెడినా పట్టిచ్చే చెక్‌సమ్ సంఖ్య రాసిపెట్టాలనీ ఆర్కైవిస్టులు పట్టుబట్టేది ఇందుకే.

బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ ఇప్పుడు చాలా మెరుగైంది. అయినా పాత అచ్చులో వలపలగిలక ఎదురైతే తడబడుతుంది. ‘ధర్మము’లోని రకారం మకారానికి కుడిపక్కన గిలకగా కనబడేసరికి యంత్రం మరేదో గుర్తనుకుంటుంది. ఇక ‘ధర్మము’ అని వెతికేవాళ్లకు ఆ పుట దొరకదు. అరసున్న, బండి ‘ఱ’ తెలిసిన మనిషి కూర్చుని సరిదిద్దవలసిందే.

అలాంటి మనిషి కూర్చోదగ్గ చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. అనకాపల్లికి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంతో దూరం కాదు. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరిన ఆ విశ్వవిద్యాలయంలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది. అనకాపల్లిలోనే 1913 నుంచి చెరకు మీద పరిశోధన సాగుతున్న కేంద్రం ఉంది, ఇప్పుడది రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. కావ్యాలను కాపాడేవాళ్లు ఎలాగూ ఉంటారు. బెల్లం మార్కెట్ ధరల కాగితాలు, నూకాంబిక జాతర కరపత్రాలు, రైతులకు పంచిన చెరకు సాగు పుస్తకాలు ఎవరికీ పట్టవు. నా లెక్కన ముందు యంత్రం కిందికి రావలసినవి అవే.

ఇక చట్టం సంగతి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీహక్కు ఉంటుంది. అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల సొంతూరైన కథకుడు రావిశాస్త్రి 1993లో కన్నుమూశారు. ఆయన రచనలు అందరివీ అయ్యేది 2054 జనవరి 1న. అందాకా ఆగితే ఆ పుస్తకాలు అచ్చయిన చౌక కాగితం మిగలదు. 2012లో చట్టానికి చేసిన సవరణ, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ ప్రతి దాచుకోవచ్చని ఒప్పుకుంది. కాబట్టి ఆ కథల తొలి ముద్రణలను ఇప్పుడే బొమ్మ తీసి, కూర్పు, ముద్రణాలయం, సంవత్సరం సరిగ్గా రాసి, తాళం వేసి ఉంచవచ్చు. తాళం తీసే తేదీని కూడా అదే నమోదులో రాసిపెట్టాలి.